యంత్రం తీర్పు చెప్పిన పోరు: ఓటమి ఎరుగని రాకీ మార్సియానో

గడచిన తరం వీరుణ్ణీ నేటి తరం వీరుణ్ణీ ఊహలో ఎదురెదురుగా నిలబెట్టి, ఎవరు గెలుస్తారని వాదించుకోవడం లోకమంతటా ఉన్నదే. రచ్చబండ మీద మల్లయోధుల గురించి జరిగే వాదం అమెరికా టీ అంగళ్ళలోనూ, మంగలి దుకాణాలలోనూ ముష్టియోధుల గురించి జరుగుతుంటుంది. ఇటువంటి వాదాలకు ముగింపు ఉండదు. వాటి రుచి కూడా అందులోనే ఉంది. అయితే 1969లో కొందరు ఈ వాదానికి ఒక ముగింపు కల్పించబూనారు. పదమూడేళ్ళ క్రితమే బరి విడిచిన ఒక యోధుణ్ణీ, ప్రభుత్వంతో తలపడి బరికి దూరమైన మరొక యోధుణ్ణీ ఒకే గదిలో నిలిపి, చలనచిత్రం తీసి, గెలుపోటముల నిర్ణయాన్ని కంప్యూటరుకు అప్పగించారు. ఆ చిత్రం విడుదలైన నాటికి ఆ ఇద్దరిలో పెద్దవాడు జీవించి లేడు. అతడే రాకీ మార్సియానో. వృత్తిలో 49 పోరాటాలు చేసి నలభై తొమ్మిదీ గెలిచినవాడు.

అతని అసలు పేరు రాకో ఫ్రాన్సిస్ మార్చెజియానో. 1923 సెప్టెంబరు 1న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బ్రాక్టన్ పట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులు ఇటలీ నుండి వలస వచ్చినవారు. తండ్రి పియెరినోది అబ్రుజ్జో ప్రాంతంలోని రిపా తెయాతీనా గ్రామం. తల్లి పాస్క్వలీనాది కంపానియా ప్రాంతం. బ్రాక్టన్ ఆనాడు చెప్పుల కర్మాగారాలకు పెట్టింది పేరు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో చేరి పోరాడి, విషవాయువుకు గురై తిరిగి వచ్చిన పియెరినో, చెక్కుచెదిరిన ఆరోగ్యంతోనే బూట్ల కర్మాగారంలో యంత్రం ముందు నిలబడి ఆరుగురు బిడ్డలను పోషించాడు. తండ్రి ఇంటికి తెచ్చే అలసటను, తోలు వాసనను చూస్తూ పెరిగిన పెద్ద కొడుకు తాను మాత్రం ఆ కర్మాగారంలో బ్రతుకు వెళ్ళదీయనని చిన్ననాడే నిశ్చయించుకున్నాడు. తర్వాతి జీవితంలో అతడు చేసిన అనేక పనులకు, చివరికి డబ్బు విషయంలో చూపిన వింత పోకడలకు కూడా మూలం ఇక్కడే వెదకాలి.

ఏడాదిన్నర వయసులో న్యుమోనియా వచ్చి ఆ పిల్లవాడు చావు అంచు దాకా వెళ్ళి వచ్చాడు. బ్రతికిన తర్వాత మొండిగా, గట్టిగా పెరిగాడు. అతని కల బాక్సింగ్ కాదు, బేస్‌బాల్. ఉన్నత పాఠశాల మధ్యలోనే చదువు మానేసి, మంచు, బొగ్గు సరఫరా చేసే బండ్ల మీద కూలీగా, కందకాలు త్రవ్వేవాడుగా పనిచేశాడు. అయిష్టంగానే కొన్నాళ్ళు చెప్పుల పనీ చేశాడు. 1943లో సైన్యం నుండి పిలుపు వచ్చింది. బ్రిటన్‌లో, వేల్స్ ప్రాంతపు స్వాన్సీ రేవులో ఉండి ఇంగ్లీషు ఛానల్ దాటి సామాను చేరవేసే దళంలో పనిచేశాడు. గ్లవ్స్ తొడిగి పోట్లాడడం సైన్యంలోనే మొదలైంది. శిబిరంలో వంటగది పనులు, గట్టి చాకిరీ తప్పించుకోవడానికి అదొక సులువైన మార్గమని అతడు గ్రహించాడు. 1946లో సెలవు మీద వచ్చి సొంత ఊళ్ళో తొలిసారి పోటీకి దిగితే, సాధన లేక ఊపిరి అందక, ప్రత్యర్థిని మోకాలితో పొడిచి అనర్హుడయ్యాడు. జగజ్జేత కాబోయేవాడి ఆరంభం ఇంత అవమానకరంగా ఉండడం విశేషమే.

1947 మార్చి 17న హోలియోక్ పట్టణంలో రాకీ మాక్ అనే మారుపేరుతో ఒక వృత్తి పోటీలో దిగి మూడవ రౌండులో గెలిచాడు. మారుపేరు ఎందుకంటే, ఔత్సాహికుల పోటీలకు దారి మూసుకుపోకూడదని. ఆ వెంటనే షికాగో కబ్స్ జట్టు వారి అనుబంధ శిక్షణ శిబిరానికి ఉత్తర కరోలినాలోని ఫయెట్‌విల్‌కు వెళ్ళాడు. క్యాచర్ స్థానానికి కావలసిన విసురు అతని చేతిలో లేదని తేల్చి వారు ఇంటికి పంపించారు. బేస్‌బాల్ కల అక్కడ ముగిసింది. అప్పటికి వయసు ఇరవైమూడు దాటింది; చదువు లేదు, పనితనం లేదు. ఇక మిగిలింది పిడికిళ్ళే.

ఆ పిడికిళ్ళైనా చూసినవారికి నమ్మకం కలిగించేవి కావు. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు 84 కిలోల ప్రాంతం. హెవీవెయిట్‌లో ఇది చిన్న ఆకారం. అన్నిటికంటె పెద్ద లోపం చేతుల పొడవు. రెండు చేతులూ చాచితే 68 అంగుళాలు. హెవీవెయిట్ జగజ్జేతలలో ఇంత తక్కువ కొలత మరొకరికి లేదు. జో లూయీకి 76, ముహమ్మద్ అలీకి 78. దానికి తోడు అడుగు వేయడం తెలియదు, కాపు తెలియదు. న్యూయార్కులో అతణ్ణి పరీక్షించిన శిక్షకుడు చార్లీ గోల్డ్‌మన్ మొదట తల పట్టుకున్నాడని చెబుతారు. గోల్డ్‌మన్ పొట్టివాడు, యౌవనంలో వందలాది పోరాటాలు చేసి చేతులు వంకరపోయినవాడు. లోపాన్ని సరిదిద్దడం కాక, లోపాన్నే ఆయుధంగా మలచడం అతని విద్య. పొట్టివాడు నిటారుగా నిలబడితే మరింత పొట్టిగా కనబడతాడు గనుక, వంగి, ఇంకా పొట్టిగా కనబడేటట్లు నిలబడమన్నాడు. ఎదుటివాడు కిందికి వంగి కొట్టవలసి వచ్చేది. ఆ వంగిన తల మీదికి పై నుండి చుట్టుకు వచ్చే కుడి చేతి దెబ్బ తగిలేది. ఆ దెబ్బకు సూజీ క్యూ అని ముద్దు పేరు పెట్టారు. ఎడమ చేతిని మాత్రం గోల్డ్‌మన్ నెలల తరబడి, ఓపికగా తయారు చేశాడు.

ఆ రోజులలో మార్సియానో వద్ద రైలు ఛార్జీలకు డబ్బు లేదు. స్నేహితునితో కలిసి కూరగాయల లారీలు పట్టుకొని బ్రాక్టన్ నుండి న్యూయార్కు వచ్చి సాధన చేసి వెళ్ళేవాడు. 1948 జూలైలో రోడ్ ఐలండ్ రాష్ట్రపు ప్రావిడెన్స్ నగరంలో వరుస పోరాటాలు మొదలయ్యాయి. మార్చెజియానో అనే పేరు ప్రకటించేవారి నోట పలకకపోవడంతో అది మార్సియానో అయింది. మొదటి పదహారు పోరాటాలూ నాకౌట్లే; ఏ ఒక్కటీ అయిదవ రౌండు దాటలేదు.

1949 డిసెంబరు 30న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన పోరు మాత్రం అతని జీవితాంతం వెంటాడింది. ప్రత్యర్థి కార్మైన్ వింగో, ఇరవై ఏళ్ళ బ్రాంక్స్ కుర్రవాడు. ఇద్దరూ ఒకరినొకరు విచక్షణ లేకుండా కొట్టుకున్నారు. ఆరవ రౌండులో వింగో పడిపోయి స్పృహ కోల్పోయాడు. మెదడులో రక్తస్రావం జరిగి మృత్యుముఖంలో ఉన్నాడు. మార్సియానో ఆసుపత్రిలో కాచుకొని కూర్చున్నాడు, వైద్యం ఖర్చులలో చేయి కలిపాడు, వింగో చనిపోతే ఈ వృత్తినే వదలివేయాలనుకున్నాడు. వింగో బ్రతికాడు, కాని మళ్ళీ గ్లవ్స్ తొడగలేదు. బరిలో కనికరం ఎరుగని మనిషి బరి బయట అంత మెత్తనివాడు కావడం చాలామందికి అంతుబట్టని విషయం. తర్వాతి పోరాటంలో, 1950 మార్చిలో, రోలాండ్ లస్టార్జా మీద గెలుపు ఒక వెంట్రుక వాసిలో దక్కింది. ఒక నిర్ణేత ఇటు, ఒక నిర్ణేత అటు, రిఫరీ లెక్కలో రౌండ్లు సమానం. అదనపు పాయింట్ల వల్ల మార్సియానో విజేత అయ్యాడు. అసలు మేనేజరు అల్ వైల్ ఆ రోజులలో పోటీలు కుదిర్చే సంస్థలో ఉద్యోగి. అందువల్ల కాగితం మీద అతని సవతి కొడుకు పేరు ఉండేది. ఇటువంటి ఏర్పాటు ఉన్నచోట అనుమానాలు రావడం సహజం. నలభై తొమ్మిదింటిలో ఏదైనా ఒకటి ఓటమి కాదగినదుంటే అది ఇదేనని ఈనాటికీ వాదించేవారున్నారు.

ఇక 1951 అక్టోబరు 26. మార్సియానో జీవితంలో ఆ రాత్రికి ఉన్న స్థానం జగజ్జేత అయిన రాత్రికి కూడా లేదు.

ఎదుటివాడు జో లూయీ. 1937 నుండి 1949 వరకు జగజ్జేతగా ఉండి, ఇరవై అయిదుసార్లు కిరీటం నిలబెట్టుకున్నవాడు. 1938లో జర్మనీ యోధుడు మాక్స్ ష్మెలింగ్‌ను తొలి రౌండులోనే పడగొట్టి, నల్లజాతివారికే కాక యావత్ అమెరికాకూ ఆరాధ్యుడైనవాడు. బ్రాక్టన్‌లో రేడియోకు చెవి ఒగ్గిన పిల్లలలో మార్సియానో ఒకడు. లూయీ అతని బాల్యదైవం. యుద్ధకాలంలో రెండు పోరాటాల సంపాదన మొత్తాన్ని సైనిక, నౌకాదళ సహాయనిధులకు విరాళమిచ్చిన లూయీని యుద్ధానంతరం ఆదాయపు పన్ను శాఖ వదలలేదు. అప్పు, వడ్డీ, జరిమానా కలిసి అయిదు లక్షల డాలర్లు దాటాయి. విశ్రాంతి తీసుకున్న మనిషి ఆ అప్పు కోసమే తిరిగి బరిలోకి వచ్చాడు. 1950లో ఎజార్డ్ చార్లెస్ చేతిలో పాయింట్ల మీద ఓడి, ఆపై చిన్నాచితకా పోటీలు గెలుస్తూ మార్సియానో దాకా వచ్చాడు. వయసు ముప్పై ఏడు, నెత్తిన పలచబడిన జుట్టు. కుడి చేతి వేగం ఎప్పుడో పోయింది, మిగిలింది ఎడమ చేతి జాబ్ ఒక్కటే. దానితోనే మొదటి అయిదారు రౌండ్లు నెట్టుకొచ్చాడు. ఎనిమిదవ రౌండులో మార్సియానో ఎడమ హుక్కు తగిలి పడ్డాడు, ఎనిమిది లెక్కించేసరికి లేచాడు. మరి రెండు ఎడమలు, ఆపై కుడి చేతి దెబ్బ. లూయీ త్రాళ్ళ మధ్య నుండి వెనుకకు జారి, సగం శరీరం బరి వెలుపల వేలాడుతూ పడిపోయాడు. రిఫరీ లెక్కపెట్టకుండానే పోరు ఆపివేశాడు.

గెలిచిన యువకుడు సంబరం చేసుకోలేదు. లూయీ గదిలోకి వెళ్ళి ఏడ్చాడు. ఓడిన వృద్ధయోధుడే అతణ్ణి ఓదార్చవలసి వచ్చింది. మార్సియానోకు పైకి వెళ్ళే మెట్టు అదే. ఆ మెట్టు మీద పడుకున్నది మాత్రం తాను చిన్ననాడు కొలిచిన మనిషి. లూయీ మళ్ళీ వృత్తి పోరాటం చేయలేదు. పన్ను బాకీ మాత్రం తీరలేదు. కుస్తీ ప్రదర్శనలు చేసి, చివరి దశలో లాస్ వేగస్ జూదశాలలో అతిథులను పలకరించే ఉద్యోగం చేసి 1981లో మరణించాడు.

1952 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో జెర్సీ జో వాల్కాట్‌తో కిరీటం కోసం పోరు. వాల్కాట్ కూడా ముప్పై ఎనిమిదేళ్ళవాడే, కాని అరిగిపోయినవాడు కాడు. మొదటి రౌండులోనే మార్సియానోను నేల మీద కూర్చోబెట్టాడు. వృత్తి జీవితంలో అతడు కింద పడడం అదే మొదలు. మధ్య రౌండ్లలో ఏదో ద్రవం కళ్ళలో పడి మార్సియానోకు కొంతసేపు చూపు మసకబారింది. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు నిర్ణేతల లెక్కలోనూ వెనుకబడి ఉన్నాడు. నాకౌట్ తప్ప దారి లేదు. పదమూడవ రౌండు మొదలైన 43 సెకన్లకు, వాల్కాట్ త్రాళ్ళకు ఆనుకున్న క్షణంలో, ఇద్దరూ ఒకేసారి కుడి చేయి విసిరారు. మార్సియానో చేయి పొట్టిది, దారి దగ్గరది. అదే ముందు చేరింది. వాల్కాట్ ఒక చేయి త్రాటికి చిక్కుకుని నెమ్మదిగా, మోకాళ్ళ మీద నుండి ముందుకు ఒరిగిపోయాడు. చేతుల పొట్టితనం లోపమని అన్నవారు ఆ ఛాయాచిత్రం చూసి మాట మార్చుకోవలసి వచ్చింది.

కిరీటాన్ని ఆరుసార్లు కాపాడుకున్నాడు. వాల్కాట్‌తో మారుపోరు ఒక్క రౌండులో ముగిసింది. లస్టార్జా ఈసారి పదకొండవ రౌండు దాకా వచ్చాడు. 1954లో ఎజార్డ్ చార్లెస్‌తో రెండు పోరాటాలు: జూన్‌లో పదిహేను రౌండ్లు నిలిచిన చార్లెస్, సెప్టెంబరులో మార్సియానో ముక్కు పుటాన్ని నిలువునా చీల్చాడు. రక్తం ఆగడం లేదు, వైద్యుడు ఏ క్షణానైనా పోరు ఆపించవచ్చు. ఆపించేలోగానే ఎనిమిదవ రౌండులో మార్సియానో దానిని ముగించాడు. 1955 మేలో బ్రిటిష్ యోధుడు డాన్ కాకెల్, సెప్టెంబరు 21న యాంకీ స్టేడియంలో ఆర్చీ మూర్. ఆ చివరి పోరు చూడడానికి 61,574 మంది వచ్చారు. రెండవ రౌండులో మూర్ అతణ్ణి పడగొట్టాడు. తొమ్మిదవ రౌండులో తానే లేవలేకపోయాడు.

1956 ఏప్రిల్ 27న మార్సియానో విరమణ ప్రకటించాడు. వయసు ముప్పై రెండు. 49 పోరాటాలు, 49 విజయాలు, అందులో 43 నాకౌట్లు. నడుము నొప్పి ఒక కారణం. నెలల తరబడి కొండల మీది సాధన శిబిరంలో భార్యాబిడ్డలకు దూరంగా సన్యాసిలా గడపడం మరొక కారణం. అన్నిటినీ మించినది మేనేజరు వైల్‌పై పేరుకుపోయిన అసహ్యం. సంపాదనలో సగం వైల్‌కే వెళ్ళేది. ఎప్పుడు ఎవరితో పోరాడాలో, ఏమి తినాలో, ఎప్పుడు ఇంటికి వెళ్ళాలో కూడా అతడే శాసించేవాడు. అతని కోసం మరొక్క దెబ్బ కూడా తినకూడదని మార్సియానో పట్టుపట్టాడు.

విమర్శకుల మాట కూడా చెప్పుకోవాలి. లూయీకి ముప్పై ఏడు, వాల్కాట్‌కు ముప్పై ఎనిమిది, మూర్‌కు నలభై ప్రాంతం. చార్లెస్ కూడా తన మంచి రోజులు దాటినవాడే. మార్సియానో ఓడించినది మనుషులను కాదు, వారి వార్ధక్యాన్ని అని నిందించేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఇందులో సగం నిజం ఉంది. మిగిలిన సగం ఏమంటే, తన కాలంలో ఉన్నవారితో తప్ప ఎవరూ పోరాడలేరు; ఉన్నవారిలో మేటి అయిన ఎవరినీ అతడు తప్పించుకోలేదు. పైగా తన శరీరం కూడా ఒకనాడు అదే దారి పడుతుందని లూయీ గదిలో ఏడ్చిన నాడే అతనికి తెలిసినట్లుంది. 1959లో స్వీడన్ యోధుడు ఇంగమార్ యొహాన్సన్ జగజ్జేత కాగానే తిరిగి రమ్మని పెద్ద మొత్తాలు చూపించారు. మార్సియానో రహస్యంగా కొన్ని వారాలు సాధన చేసి చూసుకున్నాడు. ఒళ్ళు మాట వినలేదు. ఎవరికీ చెప్పకుండా మానుకున్నాడు. లూయీ చేయలేకపోయిన పని అది. అయితే మార్సియానో నెత్తిన లూయీకి ఉన్నంత అప్పు లేదన్న సంగతీ మరువరాదు.

అప్పు లేకపోయినా దారిద్ర్యభయం మాత్రం వదలలేదు. విరమణ తర్వాత ఊరూరా తిరిగి ప్రసంగాలు చేసి, ప్రారంభోత్సవాలకు హాజరై సంపాదించాడు. చెక్కు ఇస్తే పుచ్చుకునేవాడు కాడు, నగదే కావాలి. బ్యాంకులను నమ్మలేదు. నోట్ల కట్టలను పరదా గొట్టాలలో, మరుగుదొడ్డి నీటి తొట్లలో, స్నేహితుల ఇళ్ళలో దాచేవాడని, ఎక్కడ ఏమి దాచాడో భార్య బార్బరాకు కూడా చెప్పలేదని అతని జీవితం వ్రాసినవారందరూ చెప్పారు. ప్రయాణాలకు ఎవరిదైనా చిన్న విమానం ఉచితంగా దొరికితే టిక్కెట్టు కొనేవాడు కాడు. ఈ అలవాటే చివరికి ప్రాణం తీసింది.

ఇంతలో మయామీకి చెందిన ముర్రే వరోనర్ అనే రేడియో నిర్మాతకు ఒక ఆలోచన వచ్చింది. 1967లో అతడు పదహారుమంది హెవీవెయిట్ జగజ్జేతలను, వారిలో చాలామంది చనిపోయినవారు, ఊహాజనితమైన పోటీలో దించాడు. బాక్సింగ్ నిపుణుల అభిప్రాయాలు సేకరించి, ప్రతి యోధుని వేగం, బలం, దెబ్బ ఓర్చుకునే శక్తి వంటి గుణాలను అంకెలుగా మార్చి ఎన్‌సీఆర్ 315 అనే కంప్యూటరులో వేశారు. యంత్రం ఇచ్చిన ఫలితాన్ని వ్యాఖ్యాతలు నిజంగా జరుగుతున్న పోరులా రేడియోలో వినిపించారు. ఎందరో అమెరికన్లు విన్నారు. ఆఖరి పోటీలో మార్సియానో జాక్ డెంప్సీని పదమూడవ రౌండులో ఓడించినట్లు తేలింది.

ఈ రేడియో పోటీలో ముహమ్మద్ అలీని జిమ్ జెఫ్రీస్ ఓడించినట్లు చూపారు. అలీకి ఇది పుండు మీద కారం. జెఫ్రీస్ అంటే ఎవరు? బరి విడిచిన ఆరేళ్ళకు, ముప్పై అయిదేళ్ళ వయసులో, శ్వేతజాతి గౌరవం నిలబెట్టమని బలవంతపెడితే 1910 జూలై 4న రీనో పట్టణంలో నల్లజాతి జగజ్జేత జాక్ జాన్సన్ ఎదుట నిలబడి చావుదెబ్బలు తిన్నవాడు. ఆ ఫలితానికి అమెరికా నగరాలలో అల్లర్లు జరిగి నల్లజాతివారు ప్రాణాలు కోల్పోయారు. వియత్నాం యుద్ధానికి వెళ్ళనని 1967 ఏప్రిల్‌లో ప్రకటించి, కిరీటం, లైసెన్సు రెండూ పోగొట్టుకుని, అయిదేళ్ళ జైలుశిక్ష అప్పీలులో ఉన్న అలీని, ఆ జెఫ్రీస్ చేతిలో ఓడినట్లు ప్రసారం చేయడం యంత్రం చేసిన పని అంటే అతడు ఒప్పుకోలేదు. పది లక్షల డాలర్లకు పరువునష్టం దావా వేశాడు. రాజీలో భాగంగా మార్సియానోతో చలనచిత్ర పోరుకు అంగీకరించాడు. అప్పుడతనికి డబ్బు అవసరం. దేశంలో ఏ రాష్ట్రమూ పోరాడనివ్వడం లేదు.

మార్సియానో మాత్రం దీనిని ఆటగా తీసుకోలేదు. నలభై అయిదేళ్ళ మనిషి సుమారు ఇరవై కిలోలకు పైగా బరువు తగ్గాడు. బట్టతల కనబడకుండా విగ్గు పెట్టుకున్నాడు. 1969 వేసవిలో మయామీలోని ఒక గదిని నల్లటి తెరలతో మూసి, ప్రేక్షకులు లేకుండా, నిమిషమేసి చొప్పున డెబ్బైకి పైగా రౌండ్లు చిత్రీకరించారు. ముఖం మీద దెబ్బలు ఉత్తుత్తివి. రక్తం బదులు టమాటా కెచప్. ఒంటి మీద దెబ్బలు మాత్రం అప్పుడప్పుడు నిజంగానే తగిలేవి. అలీ జాబ్ ఒకటి తగిలి విగ్గు ఊడిపోతే మార్సియానో చిన్నబుచ్చుకుని చిత్రీకరణ ఆపించాడు. ముగింపులు అనేక రకాలుగా తీశారు: ఇతడు పడినట్లు, అతడు పడినట్లు, పాయింట్ల మీద తేలినట్లు. ఏది వాడతారో ఇద్దరికీ చెప్పలేదు. ఒకరు ప్రపంచం వదలిన యోధుడు, మరొకరు ప్రపంచం వెలివేసిన యోధుడు. ఆ గదిలో కలిసి గడిపిన రోజులలో ఇద్దరి మధ్య స్నేహం కుదిరింది. మార్సియానో దెబ్బలకు చేతులు రోజుల తరబడి నొప్పి పెట్టాయని, యౌవనంలో అతడెంతటివాడో అప్పుడు తెలిసిందని అలీ తరువాత చెప్పుకున్నాడు.

చిత్రీకరణ ముగిసి మూడు వారాలు గడిచాయి. 1969 ఆగస్టు 31 సాయంత్రం మార్సియానో షికాగో నుండి అయోవా రాష్ట్రపు డీ మొయిన్ నగరానికి ఒక చిన్న సెస్నా విమానంలో బయలుదేరాడు. అక్కడ ఒక కార్యక్రమంలో కనబడి, మరునాటికి ఇల్లు చేరాలన్నది సంకల్పం; మరునాడు నలభై ఆరవ పుట్టినరోజు. వాతావరణం బాగులేదు. పైలట్‌కు రాత్రివేళ నడిపిన అనుభవం తక్కువ, మేఘాలలో కేవలం పరికరాలు చూసి నడిపే అర్హత లేదు. న్యూటన్ పట్టణ సమీపంలో దిగబోతూ విమానం పొలంలోని చెట్టుకు తగిలి కూలింది. లోపలి ముగ్గురూ మరణించారు.

అతడు వీలునామా వ్రాయలేదు. దాచిన సొమ్ము కోసం కుటుంబం ఏళ్ళ తరబడి వెదికింది, దొరకలేదు. పదహారేళ్ళ కూతురునూ, పసివాడైన పెంపుడు కొడుకునూ చూసుకోవలసిన బార్బరా అయిదేళ్ళకే, 1974లో, తానూ కన్నుమూసింది. చెప్పుల కర్మాగారపు లేమి తన బిడ్డలకు రాకూడదని కూడబెట్టిన డబ్బు, ఏ గోడలో ఉందో తెలియకుండా పోయింది.

1970 జనవరి 20 రాత్రి అమెరికా, కెనడా, ఐరోపాలలోని సుమారు 1,500 ప్రదర్శనశాలలలో ఆ చిత్రాన్ని ఒకేసారి ప్రదర్శించారు. పదమూడవ రౌండులో అలీ నేలకూలాడు. అయిదు నెలల క్రితం మరణించిన మనిషి విజేతగా చేతులెత్తాడు. కిరీటం పోగొట్టుకున్న నల్లజాతి యోధుణ్ణి శ్వేతజాతి వీరుడు ఓడించడం చూసి చప్పట్లు కొట్టినవారిలో కొందరి ఆనందం బాక్సింగ్‌కు సంబంధించినది కాదు. ఆ కంప్యూటర్ అలబామాలో తయారై ఉంటుందని అలీ చమత్కరించాడు. వర్ణవివక్షకు ఆ రాష్ట్రం ఆనాడు మారుపేరు. ఐరోపాలో మరొక చోట అలీ గెలిచినట్లున్న ముగింపును కూడా చూపించారు. యంత్రం ఒక్కటే, తీర్పులు రెండు! ఇక ఆ యంత్రం ఏమి లెక్కించిందో ఊహించవచ్చు. చచ్చినవాని వేగానికి, బ్రతికినవాని వేగానికి అంకె వేసినది మనిషే కదా.

అలీ అదే సంవత్సరం అక్టోబరు 26న అట్లాంటాలో జెర్రీ క్వారీని ఓడించి తిరిగి బరిలో నిలిచాడు. 1971 జూన్‌లో సుప్రీంకోర్టు అతని శిక్ష రద్దు చేసింది. వయసు మళ్ళిన జగజ్జేత ఎలా ఉంటాడో చూపించే వంతు 1980లో అతనికే వచ్చింది. లాస్ వేగస్‌లో లారీ హోమ్స్ ముందు, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, అతడు పది రౌండ్లు మౌనంగా దెబ్బలు తిన్నాడు. గెలిచిన హోమ్స్ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. లూయీ గదిలో మార్సియానో పెట్టిన కన్నీళ్ళు తెలిసినవారికి అది కొత్త దృశ్యం కాదు. ఆ హోమ్స్ 48 వరుస విజయాలతో మార్సియానో లెక్కకు ఒక్క అడుగు దూరానికి వచ్చి, 1985 సెప్టెంబరు 21న మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడాడు. మార్సియానో ఆఖరి పోరుకు సరిగ్గా ముప్పై ఏళ్ళు నిండిన రోజు అది. 2017లో ఫ్లాయిడ్ మేవెదర్ 50 విజయాలతో ఆ అంకె దాటాడు. అతనిది తేలికపాటి విభాగం. హెవీవెయిట్ జగజ్జేతలలో ఓటమి గాని, సమాన ఫలితం గాని లేకుండా ముగించినవాడు మార్సియానో ఒక్కడే.

ఆ చిత్రం ప్రతులు చాలావరకు నాశనమయ్యాయనుకున్నారు. మిగిలిన ఒక ప్రతి దొరికి, 2005లో డీవీడీగా వచ్చింది. 2006లో వెలువడిన రాకీ బల్బోవా చలనచిత్రంలో, విరమించిన యోధునికీ నేటి జగజ్జేతకూ కంప్యూటర్ పోటీ పెట్టే ఘట్టానికి ప్రేరణ ఇదే. బ్రాక్టన్ ఉన్నత పాఠశాల పక్కన, మార్సియానో పేరు పెట్టిన క్రీడాంగణం వద్ద, 2012 సెప్టెంబరు 23న ఇరవై అడుగులు మించిన కంచు విగ్రహం ఆవిష్కరించారు. వాల్కాట్‌ను పడగొట్టి అరవై ఏళ్ళు నిండిన రోజది. విగ్రహంలో అతడు ఆనాటి కుడి చేయి విసురుతూ ఉంటాడు. అతడు మధ్యలో వదలి వెళ్ళిన ఊరి చదువు ఆ పాఠశాలలో ఇప్పటికీ సాగుతోంది. చెప్పుల కర్మాగారాలు మాత్రం మూతపడ్డాయి.